దారి ఎంచేది ఒకరు, ప్యాకెట్టును పంపేది మరొకరు

డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా గమ్యం వైపు పంపే ఇంటర్నెట్ రౌటర్లపై మేము ప్రచురించిన వ్యాసంలో "రౌటర్లో నిర్ణయించే భాగం వేరు, పంపే భాగం వేరు" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాము. ఆ వాక్యాన్ని పట్టుకుని పాఠకులు రాసిన ఉత్తరాలలో ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాము.

ప్రశ్న: ప్రతి ప్యాకెట్టుకూ రౌటర్ అత్యుత్తమ మార్గాన్ని ఎంచుకుంటుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మా లెక్చరర్ గారు మాత్రం ప్యాకెట్టు వచ్చేసరికే ఎంపిక అంతా అయిపోయి ఉంటుందని అంటున్నారు. ఏది సరైనది?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ లెక్చరర్ గారి మాటే సరైనది. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. ఈథర్నెట్ తీగల మీద ప్యాకెట్టును చుట్టి పంపే కట్టను ఫ్రేము అంటారు. అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. ముందు వచ్చే సంకేతాలనూ, రెండు ఫ్రేముల మధ్య వదిలే ఖాళీనీ కలుపుకుంటే తీగ మీద అది 84 బైట్ల చోటు తీసుకుంటుంది. సెకనుకు 100 గిగాబిట్ల వేగం గల ఒక్క పోర్టులోకి ఇటువంటి ఫ్రేములు సెకనుకు 14.88 కోట్ల దాకా రాగలవు కనుక, ఒక్కొక్క ప్యాకెట్టుకు దక్కే సమయం 6.7 నానోసెకన్లు మాత్రమే. మామూలు కంప్యూటర్ మెమరీ నుంచి ఒక్క విలువను తెచ్చుకోవడానికే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. అంత తక్కువ వ్యవధిలో ఏ దారి మంచిదని ఆలోచించడానికి తావే లేదు.

ఆలోచన జరిగేది మరోచోట, మరో వేగంతో. పొరుగు రౌటర్లు బీజీపీ (వేర్వేరు సంస్థల నెట్‌వర్కుల మధ్య), ఓఎస్‌పీఎఫ్ (ఒకే నెట్‌వర్కు లోపల) వంటి ప్రోటోకాళ్ల ద్వారా చెప్పిన దారులన్నింటినీ రౌటర్లోని సాధారణ ప్రాసెసర్ ఒక పట్టికలో చేర్చుకుంటుంది. దానిని రిబ్ అంటారు. ప్రపంచ ఇంటర్నెట్‌లో నేడు ఐపీవీ4 అనే చిరునామా పద్ధతిలో దాదాపు 10 లక్షల గమ్యాలు ప్రచారంలో ఉన్నాయి. ఒక్కో గమ్యానికి ముగ్గురు నలుగురు పొరుగువారు తలా ఒక దారి చెప్పినా, వాటిని ఆపరేటర్ పెట్టిన ప్రాధాన్యాలను బట్టి, దారిలో వచ్చే నెట్‌వర్కుల సంఖ్యను బట్టి పోల్చి, గమ్యానికొక విజేతను తేల్చాలి. ఈ పని సెకన్ల మీద సాగుతుంది, రౌటర్ కొత్తగా మేల్కొన్నప్పుడు నిమిషాలు కూడా పట్టవచ్చు. గెలిచిన దారులను మాత్రమే "ఈ గమ్యానికి ఈ పోర్టు, ఈ పొరుగు" అనే పొట్టి రూపంలోకి మార్చి రెండవ పట్టికలోకి, అంటే ఫిబ్‌లోకి, దించుతారు. ప్యాకెట్టు వచ్చినప్పుడు చిప్ చూసేది ఈ రెండవ పట్టికనే. గమ్యపు చిరునామాతో అన్నిటికంటే ఎక్కువ పొడవున సరిపోలే వరుసను వెతికి, అక్కడ రాసి ఉన్న పోర్టులోకి తోసివేయడమే దాని పని. మొదటి పనిని కంట్రోల్ ప్లేన్ అనీ, రెండవదానిని డేటా ప్లేన్ లేదా ఫార్వర్డింగ్ ప్లేన్ అనీ వ్యవహరిస్తారు. మీ పుస్తకం చిప్ వరుసను వెతకడాన్నే దారిని ఎంచడంగా రాసినట్టుంది.

ఈ రెండు పట్టికలు నిజంగానే వేర్వేరు వస్తువులని 2014 ఆగస్టు 12న చాలామందికి తెలిసివచ్చింది. ఆనాడు ప్రపంచ పట్టిక కొద్దిసేపు 5,12,000 దారులను మించింది. అప్పట్లో విస్తృత వాడుకలో ఉన్న కొన్ని రౌటర్ల చిప్‌లలో ఐపీవీ4 కోసం కేటాయించిన చోటు దాదాపు అంతవరకే ఉండేది. నిర్ణయించే భాగానికి దారి తెలుసు, దానికి మెమరీ కొరత కూడా లేదు. పంపే భాగంలో మాత్రం రాసుకోవడానికి వరుస మిగలలేదు. అనేక నెట్‌వర్కులలో ఆ రోజు సేవలు కుంటుపడ్డాయి.

ప్రశ్న: మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో సిగ్నలింగ్ సెవెన్ వచ్చిన తరువాత కాల్ కలిపే సమాచారం ఒక దారిన, మనుషుల మాట మరొక దారిన వెళ్లేవి. ఈనాడు కొత్త ఆవిష్కారంగా చెబుతున్నది అదే కదా?
– టెలికాం విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఆలోచన అదే. అయితే ఇంటర్నెట్ అక్కడికి చేరిన దారి వేరు. అమెరికా టెలిఫోన్ వ్యవస్థలో పూర్వం సంకేతాలు కూడా మాట నడిచే తీగ మీదనే నడిచేవి కనుక, 2600 హెర్ట్జ్ స్వరాన్ని రిసీవర్లోకి ఊది ఉచితంగా దూరపు కాల్స్ చేసుకున్నవారు ఉన్నారు. 1976లో ఏటీ అండ్ టీ సంస్థ సంకేతాలకు వేరే మార్గాన్ని ప్రవేశపెట్టడానికి గల కారణాలలో ఆ మోసాన్ని అరికట్టడం కూడా ఉంది. మీరు పనిచేసిన సిగ్నలింగ్ సెవెన్ ఆ పరంపరలోనిదే.

ఇంటర్నెట్‌లో మాత్రం ఈనాటికీ బీజీపీ సందేశాలు, వినియోగదారుల ప్యాకెట్లు సాధారణంగా ఒకే తీగ మీద కలిసి ప్రయాణిస్తాయి. విడదీత మొదట జరిగింది పెట్టె లోపల. 1990ల మధ్యలో చాలా రౌటర్లలో ఒకే ప్రాసెసర్ దారులనూ లెక్కించేది, ప్యాకెట్లనూ మోసేది. ఎక్కడో ఒక లింకు పడుతూ లేస్తూ ఉంటే దారుల మార్పులు వెల్లువెత్తి ప్రాసెసర్ ఊపిరాడక, పొరుగువారికి "బతికే ఉన్నాను" అని చెప్పే సందేశాన్ని వేళకు పంపలేకపోయేది. అది చచ్చిందనుకుని పొరుగువారు దాని దారులన్నీ తొలగించేవారు, ఆ తొలగింపులు మళ్లీ కొత్త మార్పుల వెల్లువై తక్కిన రౌటర్ల మీద పడేవి. ఈ గొలుసుకట్టు పతనాన్ని చూసిన తరంవారు పంపే పనిని ప్రత్యేక చిప్‌లకు అప్పగించాలని పట్టుపట్టడంలో వింత లేదు. 1998లో జునిపర్ సంస్థ తెచ్చిన ఎం40 రౌటర్లో రూటింగ్ ఇంజిన్, ప్యాకెట్ ఫార్వర్డింగ్ ఇంజిన్ అని రెండు భాగాలు స్పష్టంగా వేరుగా ఉండేవి. దారులను లెక్కించే సాఫ్ట్‌వేర్ ఎంత సతమతమవుతున్నా ప్యాకెట్ల ప్రవాహం ఆగకూడదన్నది దాని రూపకల్పనలోని ముఖ్యోద్దేశం.

ఆ రెండు భాగాలను పెట్టె దాటించి, మధ్య మాట్లాడుకునే భాషను ప్రామాణికం చేయాలని ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్‌లోని ఫోర్సెస్ బృందం ప్రయత్నించి 2004లో ఒక చట్రాన్ని ప్రచురించింది, కానీ తయారీదారులు దానిని పెద్దగా పట్టించుకోలేదు. అదే పని కోసం 2008లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రతిపాదించిన ఓపెన్‌ఫ్లో తన ముందువాటికంటే సాంకేతికంగా గొప్పదేమీ కాదని నా అభిప్రాయం. అప్పటికే అమ్మకంలో ఉన్న స్విచ్‌ల చిప్‌లతోనే పని జరిపించుకోగలగడం, తమ నెట్‌వర్కును తామే రాసుకోగల సత్తా ఉన్న భారీ సంస్థలు అదే కాలంలో ఎదగడం దానికి కలిసివచ్చాయి.

ప్రశ్న: మేము జిల్లాలో చిన్న ఇంటర్నెట్ సంస్థను నడుపుతున్నాము. హైదరాబాద్‌లోని ఒక ఎక్స్ఛేంజీలో చేరి రూట్ సర్వర్‌తో బీజీపీ పెట్టుకున్నాము. మా ట్రాఫిక్ అంతా ఆ ఒక్క సర్వర్ గుండా పోతుందా? అది పడిపోతే మా పరిస్థితి ఏమిటి?
– కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ ఆపరేటర్, ప్రకాశం జిల్లా

జవాబు: ఒక్క ప్యాకెట్టు కూడా పోదు. ఎక్స్ఛేంజీ అంటే ఇంటర్నెట్ సంస్థలు స్విచ్ ద్వారా కలిసి ట్రాఫిక్‌ను నేరుగా ఇచ్చిపుచ్చుకునే చోటు, రూట్ సర్వర్ అంటే అక్కడ సభ్యులు చెప్పిన దారులను మిగతా సభ్యులకు చేరవేసే యంత్రం. నిర్ణయాన్నీ రవాణానీ విడదీయడానికి ఎక్స్ఛేంజీ రూట్ సర్వర్‌ను మించిన శుద్ధమైన ఉదాహరణ దొరకదు. ఒక ఎక్స్ఛేంజీలో 100 మంది సభ్యులుండి ప్రతివారూ ప్రతివారితో విడివిడిగా బీజీపీ పెట్టుకోవాలంటే 4,950 సెషన్లు, అంటే ఇద్దరిద్దరి మధ్య నడిచే బీజీపీ సంభాషణలు, కావాలి. అందరూ రూట్ సర్వర్‌తో మాట్లాడితే 100 చాలు. 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7947 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం ఆ సర్వర్ ఒక సభ్యుడు చెప్పిన దారిని మరొక సభ్యుడికి చేరవేసేటప్పుడు నెక్స్ట్ హాప్‌ను, అంటే ప్యాకెట్టును తరువాత అందించవలసిన చిరునామాను, మార్చకూడదు, దారిలో తన నెట్‌వర్కు సంఖ్యను చేర్చుకోకూడదు. అందువల్ల మీ రౌటర్ పట్టికలో నెక్స్ట్ హాప్‌గా కనిపించేది అవతలి సభ్యుడి చిరునామాయే, ప్యాకెట్లు స్విచ్ గుండా నేరుగా అతని పోర్టుకే వెళతాయి. ఓ మోస్తరు సర్వర్ మీద బర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి వందల గిగాబిట్ల ట్రాఫిక్‌కు దారి చెప్పగలగడం ఇందువల్లనే సాధ్యమవుతున్నది.

ఆ సర్వర్ పడిపోతే స్విచ్ బాగానే ఉంటుంది, అవతలి సభ్యుడూ బాగానే ఉంటాడు, కానీ సెషన్ తెగగానే మీ రౌటర్ ఆ సర్వర్ నుంచి నేర్చుకున్న దారులన్నీ తుడిచేస్తుంది. ట్రాఫిక్ మీరు డబ్బు కట్టి మరో సంస్థ నుంచి కొనే ట్రాన్సిట్ వైపు మళ్లుతుంది. అక్కడ మీరు కొన్న సామర్థ్యం తక్కువైతే సాయంత్రం వేళ చందాదారుల ఫోన్లు మొదలవుతాయి. చాలా ఎక్స్ఛేంజీలు రెండు రూట్ సర్వర్లు నడిపేది ఇందుకే. రెండింటితోనూ సెషన్ పెట్టుకోండి.

మీరు అడగని ప్రమాదం మరొకటి ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మీ పోర్టు ఒక స్విచ్ మీద, అవతలి సభ్యుడి పోర్టు మరొక స్విచ్ మీద ఉన్నాయనుకుందాం. ఇద్దరికీ రూట్ సర్వర్ వరకు దారి ఉండి, మీ ఇద్దరి మధ్య దారి మాత్రమే దెబ్బతిన్నదనుకుందాం. రూట్ సర్వర్ ఇద్దరితోనూ కులాసాగా మాట్లాడుతూనే ఉంటుంది కనుక దారులు పట్టికలో అలాగే నిలుస్తాయి, మీ రౌటర్ నమ్మకంగా ప్యాకెట్లు పంపుతూనే ఉంటుంది, అవి ఎక్కడికీ చేరవు. మీ మానిటరింగ్ తెరపై అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. అదే మీరిద్దరూ నేరుగా బీజీపీ పెట్టుకుని ఉంటే, ఆ సెషన్ ప్యాకెట్లు కూడా చెడిన దారినే నడవవలసి ఉంటుంది కనుక పొరుగువారి మాట కోసం వేచి చూసే గడువు, అంటే హోల్డ్ టైమ్, తీరగానే సెషన్ పడిపోయి ట్రాఫిక్ దానంతటదే ట్రాన్సిట్‌కు మళ్లేది. మాట నడిచే దారినే ట్రాఫిక్ కూడా నడిస్తే, మాట ఆగడం దానికదే ఒక హెచ్చరిక అవుతుంది. రెంటినీ విడదీసినప్పుడు ఆ హెచ్చరికను పోగొట్టుకుంటాము. రెండవ రూట్ సర్వర్ ఈ జబ్బుకు మందు కాదు. మీకు అత్యధికంగా ట్రాఫిక్ వచ్చే నలుగురైదుగురు సభ్యులను గుర్తించి వారితో నేరుగా సెషన్లు అడగండి, వాటికి లోకల్ ప్రిఫరెన్స్ (మీ రౌటర్ ఆ దారులకు ఇచ్చే ప్రాధాన్యం) ఎక్కువగా పెట్టండి, సెషన్ పడినప్పుడు వారి దారులను రూట్ సర్వర్ నుంచి కూడా తీసుకోకుండా ఉండేలా వడపోత పెట్టండి. చివరి మాట మరిస్తే మొదటి రెండూ చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే నేరు దారి పోగానే రూట్ సర్వర్ చెప్పిన అదే చెడిన దారి ముందుకు వస్తుంది.

ప్రశ్న: ట్రేస్‌రూట్ చేస్తే నాలుగవ హాప్ దగ్గర 180 మిల్లీసెకన్లు, గమ్యం దగ్గర 32 మిల్లీసెకన్లు చూపిస్తోంది. మా ఇంటర్నెట్ సంస్థవారు లింకులో లోపం లేదంటున్నారు. నమ్మవచ్చా?
– ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఈ ఒక్క విషయంలో నమ్మవచ్చు. ట్రేస్‌రూట్ దారిలోని ఒక్కో రౌటర్ (హాప్) నుంచి జవాబు రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తుంది. మీ అసలు ట్రాఫిక్ ఆ నాలుగవ రౌటర్లోని చిప్ గుండా క్షణంలో దాటిపోతోంది. ట్రేస్‌రూట్ పంపే ప్యాకెట్టు ఆయుష్షు అక్కడ ముగిసినప్పుడు, "ఇక్కడ ముగిసింది" అనే జవాబును సాధారణంగా రౌటర్లోని ప్రాసెసర్ తయారుచేయాలి. దానికి బీజీపీ వంటి ముఖ్యమైన పనులుంటాయి. పైగా ఎవరైనా ఇటువంటి ప్యాకెట్లను కుప్పలుగా పంపి దానిని ఉక్కిరిబిక్కిరి చేయకుండా ఆపరేటర్లు ఈ జవాబులకు పరిమితి కూడా పెడతారు. ఆలస్యం ఆ హాప్ తరువాత వచ్చే అన్ని హాప్‌లలోనూ, గమ్యం దాకా, కొనసాగితేనే ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: ఎస్‌డీఎన్‌లో ఒక కంట్రోలర్ నెట్‌వర్కు మొత్తానికి నిర్ణయాలు తీసుకుంటుందంటారు. రౌటర్లు ఎవరికి వారు ఆలోచించుకునే పద్ధతి ఇంటర్నెట్‌కు ప్రాణమని చదువుకున్నాము. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టినట్టు కాదా?
– నెట్‌వర్క్ ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: ఎస్‌డీఎన్‌లో, అంటే నిర్ణయించే భాగాన్ని పంపే పరికరాల నుంచి తీసి వేరే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించే పద్ధతిలో, కంట్రోలర్ ఒకటే అన్నది తర్కానికి మాత్రమే, యంత్రాలుగా అవి అనేకం. గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య నడిపే బీ4 నెట్‌వర్కు గురించి 2013లో ప్రచురించిన పత్రంలో ఈ వివరాలున్నాయి. ప్రతి స్థలంలోనూ పలు కంట్రోలర్ ప్రతులుండి, వాటిలో ఒకటి నాయకత్వం వహించేలా ఎన్నిక జరుగుతుంది. దూరపు లింకులను సాధారణంగా సగటున 30 నుంచి 40 శాతమే వాడగలిగే రోజులలో, నెట్‌వర్కు మొత్తాన్ని ఒకేసారి చూసి ట్రాఫిక్‌ను పంచడం వల్ల అనేక లింకులను దాదాపు 100 శాతం దాకా వాడగలిగారు. అదే పత్రంలో నాకు అంతకంటే నచ్చిన వివరం, ఆ ట్రాఫిక్ పంపిణీ సేవను ఏ క్షణాన్నయినా ఆపివేసి మామూలు అతి దగ్గరి దారి పద్ధతికి మరలగల ఏర్పాటును ముందే ఉంచుకోవడం. దానిని వారు పెద్ద ఎర్ర బటన్ అన్నారు.

కాబట్టి కంట్రోలర్ ఎన్ని చోట్ల ఉందన్న ప్రశ్న కంటే, కంట్రోలర్ మాట వినబడనప్పుడు పంపే పరికరం ఏమి చేయాలన్న ప్రశ్న ముఖ్యమైనది. దానికి రెండు జవాబులున్నాయి, రెండూ ప్రమాదకరమైనవే. చివరిగా అందిన పట్టికతో పని కొనసాగించడం మొదటిది. దీనిని ఫెయిల్ స్టాటిక్ అంటారు. లోకం మారకపోతే ఇది చక్కగా నడుస్తుంది. ఒక లింకు తెగితే మాత్రం పాత పట్టిక ప్యాకెట్లను గోతిలోకి పంపుతుంది. రెండవది, మాట ఆగిందంటే తనకే ఏదో అయిందని భావించి తప్పుకోవడం.

2019 జూన్ 2న గూగుల్‌లో మొదటి పద్ధతి గడువు తీరిపోవడం చూశాము. నిర్వహణ పనుల కోసం రాసిన ఆటోమేషన్, అమరికలలోని పొరపాట్లకు ఒక సాఫ్ట్‌వేర్ లోపం తోడవడంతో, పలు స్థలాలలోని నెట్‌వర్క్ కంట్రోల్ ప్రోగ్రాములను ఒకేసారి ఆపివేసింది. పంపే పరికరాలు పాత పట్టికతో కొన్ని నిమిషాలు మామూలుగానే నడిచాయి. ఆ తరువాత ఆ స్థలాల మధ్య బీజీపీ దారులు ఉపసంహరణకు గురై, మిగిలిన కొద్ది సామర్థ్యంలో ట్రాఫిక్ ఇరుక్కుపోయింది. ఇంజనీర్లు వాడే పరికరాలు కూడా అదే ఇరుకైన నెట్‌వర్కు మీద ఆధారపడి ఉండటంతో మరమ్మతు ఆలస్యమై, అంతరాయం నాలుగు గంటలకు పైగా సాగింది. తరువాత ప్రకటించిన దిద్దుబాట్లలో ఒకటి, పాత పట్టికతో నడిచే ఆ వ్యవధిని పెంచడం.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో రెండవ పద్ధతి ఎదురు తిరిగింది. నిర్వహణ సమయంలో ఇచ్చిన ఒక ఆదేశం వెన్నెముక లింకులన్నింటినీ పడగొట్టింది. ఆ ఆదేశాన్ని అడ్డుకోవలసిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంది. డేటా సెంటర్లతో మాట తెగిన డీఎన్‌ఎస్ స్థలాలు (వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేవి), తాము పనికిరాని స్థితిలో ఉన్నామని భావించి తమ బీజీపీ ప్రకటనలను తామే వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లు పనిచేస్తూనే ఉన్నాయి, వాటికి దారి చెప్పేవారు లేరు. ఒక్క స్థలం చెడినప్పుడు ఈ నియమం ఎంతో మేలు చేస్తుంది. అన్ని స్థలాలూ ఒకేసారి అదే నిర్ధారణకు రాగలవని ఊహించకపోవడమే కొంప ముంచింది.

రౌటర్లు ఎవరికి వారు ఆలోచించుకునే పాత పద్ధతికి ఈ బాధలు లేవనుకోవద్దు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ సంస్థ సిబ్బంది ఒక రౌటర్ అమరిక నుంచి వడపోతను తొలగించగా, దారుల సమాచారం కోర్ రౌటర్ల మీదికి వరదలా వచ్చి వాటిని కూలదోసింది. వైర్‌లెస్ సేవలకూ ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌కూ ఆ కోర్ ఒకటే కావడంతో 1.2 కోట్లకు పైగా ఖాతాదారుల సేవలు ఆగిపోయాయి, కొన్నిచోట్ల అత్యవసర నంబరు కూడా కలవలేదు. పరికరాలను చేరుకోవడానికి సిబ్బంది వాడవలసిన నిర్వహణ నెట్‌వర్కు సైతం ఆ కోర్ మీదనే ఆధారపడి ఉంది. గూగుల్ ఘటనలోనూ ఇదే బలహీనత కనిపిస్తుంది. మీ సంస్థలో కంట్రోలర్ పెట్టాలా వద్దా అన్న చర్చకు ముందు, ప్రధాన నెట్‌వర్కు పూర్తిగా పడిపోయినా పరికరాల కన్సోల్‌ను చేరే వేరే దారి ఉన్నదో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఈ తేడాను ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కళ్లారా చూడవచ్చా?
– ఎంసీఏ విద్యార్థి, తిరుపతి

జవాబు: చూడవచ్చు, ఖర్చు కూడా లేదు. లినక్స్‌లో ప్యాకెట్లను పంపేది దాని కేంద్ర భాగమైన కెర్నెల్. దారులను లెక్కించేది బర్డ్ వంటి ఒక మామూలు ప్రోగ్రాము. మూడు వర్చువల్ రౌటర్లను ఒకే వరుసలో కలిపి, మూడింటిలోనూ బర్డ్‌తో ఓఎస్‌పీఎఫ్ నడపండి. మొదటి రౌటర్ వెనుకనున్న యంత్రం నుంచి మూడవ రౌటర్ వెనుకనున్న యంత్రానికి పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్లను వరుసగా పంపే ఆదేశం) పెట్టి వదిలేయండి. ఇప్పుడు మధ్య రౌటర్లో బర్డ్‌ను మర్యాదగా ఆపండి. అది వెళుతూ వెళుతూ కెర్నెల్ పట్టికలో తాను రాసిన దారులను తుడిచివేస్తుంది, పింగ్ వెంటనే ఆగుతుంది. పర్సిస్ట్ అనే అమరిక పెడితే తుడవదు, కానీ మొదటిసారి దానిని పెట్టకండి.

మళ్లీ అన్నీ నిలబెట్టి, ఈసారి మధ్య రౌటర్లోని బర్డ్‌ను, దానికి చెప్పుకునే అవకాశమే లేకుండా, ప్రోగ్రామును ఉన్నపళంగా ఆపే కిల్ మైనస్ నైన్ ఆదేశంతో చంపండి. పింగ్ నడుస్తూనే ఉంటుంది. మధ్య రౌటర్లో ఆలోచించేవారు ఎవరూ లేరు, అయినా కెర్నెల్ తన దగ్గరున్న పట్టికతో ప్యాకెట్లను మోస్తూనే ఉంటుంది. గడియారం చూస్తూ ఉండండి. ఓఎస్‌పీఎఫ్‌లో పలకరింపు సందేశం 10 సెకన్లకు ఒకసారి రావాలి, 40 సెకన్లపాటు రాకపోతే పొరుగువాడు చనిపోయినట్టు లెక్క. దాదాపు ఆ సమయానికి పింగ్ ఆగిపోతుంది. అప్పుడు మధ్య రౌటర్లో ఐపీ రూట్ ఆదేశం ఇచ్చి చూడండి, దాని దారులు చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి. తమ పట్టికల నుంచి దారులను తీసివేసినవి దాని ఇరుగు పొరుగు రౌటర్లు. ప్రోగ్రాము పునఃప్రారంభమయ్యేంతవరకు పొరుగువారు ఓపిక పట్టేలా చేసే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ పద్ధతిని ఓఎస్‌పీఎఫ్‌కు 2003లో, బీజీపీకి 2007లో ప్రామాణికం చేశారు. తరువాతి ప్రయోగంగా దానిని అమర్చి, అదే పింగ్‌ను మళ్లీ పెట్టి చూడండి.